ఒంటి కన్ను వెనక పోటు: క్లస్టర్ తలనొప్పికి ఏ డాక్టరు, ఏ మందు, ఏ సిలిండరు

ఏటా దీపావళి వెళ్ళి కార్తీకం వచ్చేసరికి మా ఇంట్లో రాత్రులంటే భయం పట్టుకునేది. నిద్రపట్టిన గంటన్నరకు, అటూ ఇటుగా అదే సమయానికి, మా ఆయన లేచి కూర్చునేవారు. కుడి కన్ను ఎర్రబడి ధారగా నీళ్ళు కారేవి. కుడి వైపు ముక్కు మూసుకుపోయేది, రెప్ప సగం వాలిపోయేది. కాసేపటికి మంచం మీద ఉండలేక హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేవారు. పిడికిలితో కణత మీద కొట్టుకునేవారు. ముప్పావుగంట, ఒక్కోసారి గంటంపావు. తర్వాత స్విచ్ ఆపినట్టు నొప్పి పోయేది. తెల్లారి చూస్తే మామూలు మనిషి. ఆఫీసుకు వెళ్ళిపోయేవారు.

ఆరేడు వారాలు ఇలా నడిచి, ఒక రోజు ఆగిపోయేది. మళ్ళీ కార్తీకం దాకా ఊసే ఉండదు.

దీని పేరు క్లస్టర్ తలనొప్పి అని తెలియడానికి మాకు ఐదేళ్ళు పట్టింది. ఆ ఐదేళ్ళలో కంటి డాక్టరు, ఈఎన్‌టీ, పంటి డాక్టరు, జనరల్ ఫిజీషియన్, పసరు పోసే ఆయన, అందరి దగ్గరికీ తిరిగాం. ఒక పన్ను కూడా పోగొట్టుకున్నారు. నేను డాక్టర్ని కాదు. ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలి, దేనికి డబ్బు పెట్టాలి, ఏది వదిలేయాలి అన్నది మాకు దెబ్బలు తిన్నాక తెలిసింది. అదే ఇక్కడ రాస్తున్నాను. మందుల మోతాదులు డాక్టరుతో మాట్లాడేటప్పుడు మీకు అర్థం కావడానికే చెబుతున్నాను. వాటిని చూసి సొంతంగా ఏదీ వేసుకోవద్దు.

ముందు ఇది ఏ నొప్పో తేల్చుకోండి

మన వైపు తలకు ఒక పక్క నొప్పి వస్తే ఒంటి తలనొప్పి అంటాం, పార్శ్వపు నొప్పి అంటాం. మెడికల్ షాపుకి వెళ్తే మైగ్రేన్ అంటారు. ఈ ఒక్క మాట కింద నాలుగైదు వేరు వేరు జబ్బులు కలిసిపోతున్నాయి. వాటి మందులు ఒకటి కావు. మైగ్రేన్ మాత్రతో క్లస్టర్ ఆగదు, నరాల నొప్పి మాత్రతో మైగ్రేన్ ఆగదు.

మైగ్రేన్‌కీ క్లస్టర్‌కీ తేడా ఇంట్లోవాళ్ళే పట్టుకోవచ్చు. రెండు విషయాలు చూడండి. ఒకటి, నొప్పి ఎంతసేపు ఉంటోంది. మందు వేసుకోకపోతే మైగ్రేన్ 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. క్లస్టర్ పోటు 15 నిమిషాల నుంచి 180 నిమిషాల్లో ముగిసిపోతుంది. కానీ రెండు రోజులకోసారి నుంచి రోజుకు ఎనిమిది సార్ల దాకా రావచ్చు. రెండోది, నొప్పిలో మనిషి ఏం చేస్తున్నాడు. మైగ్రేన్ ఉన్నవాళ్ళు లైటు ఆర్పేసి, తలుపేసుకుని, కదలకుండా పడుకుంటారు. క్లస్టర్ వచ్చినవాళ్ళు పడుకోలేరు. నడుస్తారు, ఊగుతారు, తల గోడకేసి కొట్టుకుంటారు. ఈ కుదురులేనితనాన్ని అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో లక్షణంగానే రాశారు. మా అత్తయ్య మాత్రం ఎవరి కళ్ళు పడ్డాయో అని దిష్టి తీసేవారు. ఆ అవస్థ చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

వీటికి తోడు, నొప్పి ఉన్న వైపు మాత్రమే కన్ను ఎర్రబడటం, నీళ్ళు కారడం, ముక్కు దిబ్బడ, రెప్ప వాలడం, నుదుట చెమట, కంటి పాప చిన్నదవడం లాంటివి ఉంటాయి. అన్నీ ఉండక్కర్లేదు.

ఇక ముఖంలో కరెంటు షాక్ కొట్టినట్టు సెకన్లపాటు వచ్చి, పళ్ళు తోముకున్నా, నమిలినా, గాలి తగిలినా మళ్ళీ లేచే నొప్పి ట్రైజెమినల్ న్యూరాల్జియా. అది ఎక్కువగా చెంపలో, దవడలో వస్తుంది. సైనస్ నొప్పిలో చిక్కటి చీమిడి, జ్వరం, ముఖమంతా బరువు ఉంటాయి. అది గడియారం చూసుకుని రాదు, గంటలో పోదు కూడా. కంటిలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే గ్లాకోమాలోనూ కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి వస్తుంది. కానీ అందులో చూపు మసకబారుతుంది, లైటు చుట్టూ రంగు వలయాలు కనిపిస్తాయి. అందుకే మొదటిసారి వచ్చినప్పుడు కంటి డాక్టరు దగ్గర ఒకసారి ఒత్తిడి చూపించుకోవడం వృథా కాదు. బాగుందని చెప్పాక కూడా కళ్ళద్దాలు మార్చుకుంటూ అక్కడే ఉండిపోతేనే కాలం వృథా. మేం అదే చేశాం.

క్లస్టర్‌కు అచ్చం కవలలాంటిది ఇంకొకటి ఉంది, పారాక్సిస్మల్ హెమిక్రేనియా. కన్నీళ్ళు, ముక్కు దిబ్బడ అన్నీ అలాగే ఉంటాయి. కానీ పోటు 2 నుంచి 30 నిమిషాలే ఉంటుంది, ఎక్కువ రోజులు రోజుకు ఐదు సార్లకు పైగా వస్తుంది. ఇది ఇండోమెథాసిన్ అనే పాత, చవక మందుకి పూర్తిగా లొంగుతుంది. క్లస్టర్‌కు ఆ మందు సాధారణంగా పనిచేయదు. డాక్టరు కొన్నాళ్ళు ఇండోమెథాసిన్ ఇచ్చి చూద్దాం అంటే, ఏదో ఒకటి ఇస్తున్నారని అనుకోకండి. అలా అడిగిన డాక్టరుకు ఈ జబ్బులు బాగా తెలుసని అర్థం.

క్యాలెండరు చేసిన పని

మా వంటింట్లో పాల లెక్క రాసే గోడ క్యాలెండరు ఉంది. ఐదో ఏడు నేను పాల లెక్క పక్కనే పోటు వచ్చిన సమయం, తగ్గిన సమయం రాయడం మొదలుపెట్టాను. 12.40 – 1.30. 12.50 – 1.45. మర్నాడు మళ్ళీ 12.40. నాలుగు వారాల కాగితాన్ని ఫోటో తీసి చూపిస్తే, అప్పటిదాకా ఎంఆర్ఐ ఫిల్ములు తిరగేస్తున్న డాక్టరు వాటిని పక్కన పెట్టి, ఫోటోనే పెద్దది చేసి చూశారు.

ఈ జబ్బుకి అలారం తలనొప్పి అని పేరు కూడా ఉంది. మెదడులో నిద్రనూ మెలకువనూ, ఒంటి గడియారాన్నీ నడిపే హైపోథలామస్ అనే చిన్న భాగానికి దీనితో సంబంధం ఉంది. అందుకే అదే సమయానికి, అదే రుతువులో రావడం. క్లస్టర్ అంటే గుత్తి. నొప్పులు గుత్తిగా వచ్చి, తర్వాత నెలల తరబడి విరామం ఇస్తాయి. విరామం మూడు నెలలకు తగ్గకుండా ఉంటే ఎపిసోడిక్ అంటారు. ఏడాదికి పైగా విరామమే లేకుండా, లేదా మూడు నెలలకంటే తక్కువ విరామంతో సాగితే క్రానిక్ అంటారు. సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మగవాళ్ళలో ఎక్కువ, తరచు ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య మొదలవుతుంది. ఆడవాళ్ళకు వస్తే మైగ్రేన్ అనేసి వదిలేసే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఈ గుత్తి స్వభావమే మమ్మల్ని ఏళ్ళ తరబడి మోసం చేసింది. రెండో ఏడు పై దవడ పన్నే కారణమన్నారు. రూట్ కెనాల్ చేశారు, తగ్గలేదని పన్నే తీసేశారు. తీసిన పది రోజులకు నొప్పి పోయింది. పన్నే కారణమని అందరం నమ్మేశాం. మూడో ఏడు తుమ్మి ఆకు పసరు ముక్కులో పోయించాం. అది కూడా 'పనిచేసింది'. నాలుగో ఏడు సైనస్‌కి యాంటీబయాటిక్ వాడగా తగ్గిందనుకున్నాం. అసలు సంగతేమిటంటే ఆరు వారాలు కాగానే ఆ విడత దానంతట అదే ముగుస్తోంది. ఆ సమయానికి చేతిలో ఏ మందు ఉంటే దానికి పేరు దక్కుతోంది. మీ ఇంట్లోనూ ఏ వైద్యమైనా పనిచేసిందనిపిస్తే, ముందు ఏడు విడత ఎన్ని వారాలకు ఆగిందో చూసుకుని అప్పుడు నమ్మండి. పన్ను తీయించుకోవడం, ముక్కు దూలం ఆపరేషన్ లాంటి వెనక్కి తీసుకోలేని పనులకు ఒప్పుకునే ముందు మరీ ముఖ్యంగా చూసుకోండి.

ఏ డాక్టరు?

మన ఊళ్ళలో న్యూరో డాక్టరు అనే మాట ఇద్దరికీ వాడతారు. బోర్డు మీద డిగ్రీ చూడండి. డీఎం న్యూరాలజీ, లేదా డీఎన్‌బీ న్యూరాలజీ ఉంటే న్యూరాలజిస్టు, మందులతో వైద్యం చేసేవారు. ఎంసీహెచ్ ఉంటే న్యూరోసర్జన్, ఆపరేషన్ చేసేవారు. క్లస్టర్‌కు కావలసింది న్యూరాలజిస్టు. మేం మొదటిసారి 'న్యూరో' అని పొరపాటున సర్జన్ దగ్గరకే వెళ్ళాం. ఆయన స్కాన్ చూసి గడ్డ ఏమీ లేదన్నారు. అది నిజమే, మాకు ధైర్యమూ వచ్చింది. కానీ జబ్బు పేరు అక్కడ తేలలేదు.

న్యూరాలజిస్టుల్లో కూడా ఎక్కువమంది రోజూ చూసేది పక్షవాతం, మూర్ఛ, పార్కిన్సన్స్. క్లస్టర్ అరుదు. అందుకే తలనొప్పుల మీద ప్రత్యేకంగా పనిచేసేవారు, హెడేక్ క్లినిక్ నడిపేవారు దొరికితే మంచిది. దొరకకపోతే మీ జిల్లా కేంద్రంలోని న్యూరాలజిస్టే చాలు, ఒక షరతు మీద. మొదటి పది నిమిషాల్లో ఆయన ఏం అడుగుతున్నారో గమనించండి. నొప్పి ఎన్ని నిమిషాలు ఉంటుంది, ఏ సమయానికి వస్తుంది, ఆ సమయంలో పడుకుంటారా తిరుగుతారా, కన్ను ఎర్రబడుతుందా, మద్యం తాగితే వస్తుందా అని అడిగితే మీరు సరైన చోటికి వచ్చినట్టే. ఏమీ అడగకుండా స్కాన్ రాసి, టెన్షన్ తగ్గించుకోండి అని పంపేస్తే, ఆసుపత్రి ఎంత పెద్దదైనా మరొకరిని చూడండి.

ఎంఆర్ఐ అనవసరం అనడం లేదు. మెదడులో, ముఖ్యంగా పిట్యూటరీ గ్రంథి దగ్గర ఏదైనా ఉండి ఇలాంటి నొప్పే రావచ్చు కాబట్టి ఒకసారి తీయించడం మంచిది. తీయించేటప్పుడు ఆ భాగం కూడా చూడమని డాక్టరు రాస్తారు. కానీ క్లస్టర్ ఉన్నవాళ్ళలో చాలామందికి స్కాన్ మామూలుగానే ఉంటుంది. స్కాన్ బాగుంది అంటే జబ్బు లేదని కాదు. ఏటేటా మళ్ళీ తీయించుకోవలసిన పని కూడా లేదు.

ప్రభుత్వమా, కార్పొరేటా? హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్, గుంటూరు, కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రులు, వీటన్నిటిలో న్యూరాలజీ విభాగాలున్నాయి. అక్కడ క్యూ ఉంటుంది, ఒక పూట పోతుంది. కానీ రోజూ వందల మందిని చూసే చోటు కాబట్టి అరుదైన జబ్బు తగిలిన అనుభవం ఉండే అవకాశం ఎక్కువ. పీజీ విద్యార్థులు ఓపిగ్గా హిస్టరీ రాసుకుంటారు. ఈ జబ్బుకి హిస్టరీయే ప్రధానం కాబట్టి అది చిన్న లాభం కాదు. కార్పొరేట్ ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ త్వరగా దొరుకుతుంది, విడత మధ్యలో ఫోన్ చేస్తే పలికే మనిషి ఉంటారు. నా మాట అడిగితే, పేరు తేల్చుకోవడానికి పెద్ద చోటికి ఒకసారి వెళ్ళండి. బెంగళూరు నిమ్హాన్స్, వెల్లూరు సీఎంసీ దగ్గరైనవాళ్ళు అక్కడికైనా సరే. ఆ తర్వాత ఏడాది పొడవునా చూసుకోవడానికి మాత్రం గంట ప్రయాణంలో ఉన్న న్యూరాలజిస్టునే పెట్టుకోండి. విడత మొదలైన రోజే చూపించుకోగలగడం ఈ జబ్బులో చాలా అవసరం. మూడు వారాల తర్వాత దొరికే గొప్ప అపాయింట్‌మెంట్ వచ్చేసరికి సగం విడత అయిపోతుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళు న్యూరాలజిస్టులో హెడేక్ మెడిసిన్ అనే అదనపు సర్టిఫికేషన్ ఉన్నవారి కోసం చూడండి. బ్రిటన్‌లో ఉంటే ఇంటికి ఆక్సిజన్ పంపే ఏర్పాటు అక్కడి ఆరోగ్య సేవలోనే ఉంది. ఓచ్ అనే క్లస్టర్ రోగుల స్వచ్ఛంద సంస్థ కూడా అక్కడ పనిచేస్తోంది.

పోటు వచ్చినప్పుడు: ఆక్సిజనా, ఇంజెక్షనా, మాత్రా?

మాత్రను ముందే తీసేస్తాను. పారాసిటమాల్, మామూలు నొప్పి మాత్రలు, ట్రమడాల్ లాంటివి ఈ పోటుకి పనికిరావు. కడుపులోకి వెళ్ళి కరిగి రక్తంలోకి చేరేసరికి అరగంట, ముప్పావుగంట అవుతుంది. అప్పటికి పోటు దానంతట అదే దిగిపోతుంది. మనం మాత్ర పనిచేసిందనుకుంటాం. రోజుకు మూడు నాలుగు మింగితే చివరికి నష్టపోయేది కడుపూ కిడ్నీలే.

ఆక్సిజన్ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన దగ్గర తక్కువగా వాడుతున్నదీ, ఎక్కువగా తప్పుగా వాడుతున్నదీ ఇదే. 2009లో ప్రచురితమైన ఒక బ్రిటన్ పరీక్షలో నిమిషానికి 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు ఆక్సిజన్ పీలిస్తే 78 శాతం పోటుల్లో నొప్పి పూర్తిగా పోయింది, లేదా బాగా తగ్గింది. మామూలు గాలి పీల్చినప్పుడు ఆ ఫలితం 20 శాతంలోనే వచ్చింది. దుష్ప్రభావాలు దాదాపు లేవు, రోజుకు ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళకూ సాధారణంగా పనికొస్తుంది. ఏళ్ళుగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కోవిడ్ తర్వాత చాలా ఇళ్ళలో కాన్సంట్రేటర్, అంటే గదిలోని గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే యంత్రం ఉంది. అది చూపించి మా దగ్గర ఆక్సిజన్ ఉంది, వాడాం, పనిచేయలేదు అంటారు. ఇళ్ళలో ఉండేవి ఎక్కువగా 5 లీటర్ల యంత్రాలు. ముక్కులో పెట్టుకునే సన్నని గొట్టంతో నిమిషానికి 5 లీటర్లు పీలిస్తే చుట్టూ ఉన్న గాలి కలిసిపోయి ఊపిరితిత్తుల్లోకి చేరే ఆక్సిజన్ శాతం బాగా పడిపోతుంది. క్లస్టర్‌కు కావలసింది వంద శాతం ఆక్సిజన్, నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు. కింద సంచి వేలాడే నాన్ రీబ్రీదర్ మాస్క్‌తో పీల్చాలి. సంచి ముందే నిండి ఉండాలి, మాస్క్ ముఖానికి బిగుతుగా అతుక్కోవాలి. కూర్చుని కాస్త ముందుకు వంగి పీల్చాలి. పోటు మొదలైన నిమిషాల్లోనే మొదలుపెట్టాలి. అరగంట ఓర్చుకుని మొదలుపెడితే అంత ఫలితం ఉండదు.

అంటే ఇంటికి సిలిండరు కావాలి. చిన్నది బీ టైప్, అందులో సుమారు 1,500 లీటర్లుంటాయి. 12 లీటర్ల చొప్పున పావుగంటకు 180 లీటర్లు ఖర్చు. అంటే ఒక సిలిండరు ఎనిమిది పోటులకు వస్తుంది. పెద్దది డీ టైప్, జంబో అంటారు, సుమారు 7,000 లీటర్లు. రాత్రికి ఒక్క పోటు వచ్చేవాళ్ళకు బీ టైప్ చాలు. ఒకరు ఎత్తగలరు, ఆటోలో తీసుకెళ్ళి నింపించుకోవచ్చు. రోజుకు మూడు నాలుగు వస్తే బీ టైప్ రెండు రోజుల్లో అయిపోతుంది, నింపించడానికి తిరగడమే పనవుతుంది. అప్పుడు జంబో అద్దెకు తీసుకుని, ప్రయాణానికి చిన్నది ఉంచుకోండి. కొనడం, అద్దె రెండూ ఉన్నాయి. ఏడాదిలో రెండు నెలలే అవసరమయ్యేవాళ్ళకు అద్దె నయం. నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తోందో చూపే ఫ్లోమీటరు మాత్రం 15 లీటర్ల దాకా ఉన్నదే అడగండి, మాస్క్ సొంతంగా కొనుక్కోండి. షాపువాళ్ళు అలవాటు కొద్దీ ముక్కు గొట్టం ఇచ్చేస్తారు, వద్దని చెప్పండి. డాక్టరు చీటీలో 'నాన్ రీబ్రీదర్ మాస్క్‌తో నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు, 15 నుంచి 20 నిమిషాలు' అని స్పష్టంగా రాయించుకుంటే ఈ వాదన ఉండదు.

మెడికల్ ఆక్సిజన్ సిలిండరు మన దేశంలో నల్లగా, పైభాగం తెల్లగా ఉంటుంది. వెల్డింగు షాపు సిలిండరు తేవద్దు. వంటింట్లో, దేవుడి గదిలో, దీపం, అగరబత్తి దగ్గర పెట్టకూడదు. ఆ గదిలో ఎవరూ సిగరెట్ ముట్టించకూడదు. రెగ్యులేటరు బిగుసుకుపోయిందని నూనె, గ్రీజు రాయకూడదు, నిప్పంటుకునే ప్రమాదం ఉంది. పడిపోకుండా గోడకు గొలుసుతో కట్టేయండి.

ఆక్సిజన్ పనిచేయనివాళ్ళకు, ఇంట్లో లేనప్పుడు పోటు వచ్చేవాళ్ళకు సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్. 6 మిల్లీగ్రాములు, చర్మం కింద. 1991లో వచ్చిన పరీక్షలో పావుగంటలో ఉపశమనం వచ్చిన పోటులు 74 శాతం, ఉత్తుత్తి మందుతో 26 శాతం. వేగంలో దీనికి సాటి లేదు. కానీ రోజుకు రెండే. గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు వాడకూడదు. క్లస్టర్ ఉన్న చాలామందికి పొగతాగే అలవాటు ఉంటుంది కాబట్టి ముందు గుండె పరీక్ష చేయించుకోవడం ఎంతో అవసరం. ఇంకొక మాట, మైగ్రేన్‌కని షాపులో అడిగితే ఇచ్చే కొన్ని మాత్రల్లో ఎర్గోటమిన్ ఉంటుంది. అది వేసుకున్న 24 గంటల్లో సుమాట్రిప్టాన్ తీసుకోకూడదు, రక్తనాళాలు ప్రమాదకరంగా బిగుసుకుంటాయి. ఇంట్లో ఉన్న పాత మాత్రల అట్టలన్నీ డాక్టరుకు చూపించండి.

సూది అంటే భయపడేవాళ్ళకు ముక్కులో కొట్టే స్ప్రే రూపంలో సుమాట్రిప్టాన్, జోల్మిట్రిప్టాన్ ఉన్నాయి. ఇంజెక్షన్ కంటే నెమ్మది, మాత్ర కంటే త్వరగా. నొప్పి లేని వైపు ముక్కులో కొట్టుకోవడం మేలు, నొప్పి ఉన్న వైపు దిబ్బడగా ఉంటుంది కదా. చిన్న ఊళ్ళలో ఇంజెక్షన్లు, స్ప్రేలు షాపులో నిల్వ ఉండవు. విడత మొదలయ్యే నెలకు ముందే చెప్పి తెప్పించుకోవాలి.

మా ఇంట్లో నడుస్తున్న పద్ధతి: ఇంట్లో ఆక్సిజన్, ఆఫీసు బ్యాగులో ఇంజెక్షన్.

పోటే రాకుండా చూసుకోవడం

పోటును ఆపే మందు ఎంత మంచిదైనా, రాకుండా చేసే మందు లేకపోతే విడత దాటడం కష్టం. ఇందులో రెండు మెట్లున్నాయి. మొదటిది వంతెన లాంటిది. స్టిరాయిడ్ మాత్రలు రెండు మూడు వారాలు తగ్గించుకుంటూ ఇస్తారు, లేదా తల వెనక మెడ పైన ఉన్న ఆక్సిపిటల్ నరం దగ్గర స్టిరాయిడ్ ఇంజెక్షన్ చేస్తారు. ఈ రెండు పద్ధతులూ కొన్ని రోజుల్లోనే పోటులు తగ్గిస్తాయి. షుగర్ ఉన్నవాళ్ళకు స్టిరాయిడ్ మాత్రలతో షుగర్ బాగా పెరుగుతుంది. మా ఆయనకు షుగర్ ఉంది కాబట్టి మేం నరం ఇంజెక్షనే ఎంచుకున్నాం. దానితోనూ షుగర్ కొన్ని రోజులు కాస్త పెరగవచ్చు, చూసుకుంటూ ఉండాలి. పది నిమిషాల పని, అదే రోజు ఇంటికి వచ్చేశాం. ప్రతి ఏడూ స్టిరాయిడ్ మాత్రలే మళ్ళీ మళ్ళీ వాడుకునేవాళ్ళను విన్నాను. ఎముకలకూ కళ్ళకూ ప్రమాదం, డాక్టరు చెప్పకుండా ఎప్పుడూ చేయకండి.

రెండో మెట్టు వెరాపమిల్. నిజానికి ఇది బీపీకి, గుండె లయకు వాడే పాత మందు. ఖరీదు తక్కువ. రోజుకు 240 మిల్లీగ్రాములతో మొదలై కొందరికి 960 దాకా పెంచవలసి వస్తుంది. పూర్తిగా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, అందుకే ముందు ఆ వంతెన. మందు గుండె లయను నెమ్మదింపజేస్తుంది కాబట్టి మొదలుపెట్టే ముందు, మోతాదు పెంచిన ప్రతిసారీ ఈసీజీ తీయాలి. ఈసీజీ లేకుండా వెరాపమిల్ పెంచే డాక్టరు అయితే మీరే అడిగి తీయించుకోండి. మైగ్రేన్ అనుకుని ముందు ఎవరైనా ప్రొప్రనొలాల్ రాసి ఉంటే, లేదా బీపీకి అటెనొలాల్ వాడుతుంటే తప్పకుండా చెప్పండి. వెరాపమిల్‌తో ఇవి కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. మలబద్ధకం, కాళ్ళ వాపు మామూలుగా కనిపించే ఇబ్బందులు.

వెరాపమిల్‌కు లొంగకపోతే లిథియం, టోపిరమేట్ ఉన్నాయి. లిథియంతో రక్తంలో మందు స్థాయి, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు క్రమంగా చేయించాలి. అమెరికాలో 2019లో గాల్కనెజుమాబ్ అనే నెల ఇంజెక్షన్‌కు ఎపిసోడిక్ క్లస్టర్ కోసం ఆమోదం వచ్చింది. అక్కడి మనవాళ్ళు ఇన్సూరెన్స్‌తో దాని గురించి అడగవచ్చు. మెదడులో, నరాల మీద యంత్రాలు అమర్చే ఆపరేషన్లు మందులన్నీ విఫలమైన క్రానిక్ రోగులకే. ఎపిసోడిక్ ఉన్నవాళ్ళకు ఎవరైనా మొదటే ఆపరేషన్ మాట ఎత్తితే ఇంకొక అభిప్రాయం తీసుకోండి.

విడత నడిచే రోజుల్లో మద్యం చుక్క కూడా వద్దు. చాలామందికి తాగిన గంటలోపే పోటు వస్తుంది, విడత లేనప్పుడు మాత్రం ఏమీ కాదు. పగటి కునుకు కూడా కొందరికి పోటు తెస్తుంది. గురక ఎక్కువగా పెట్టేవాళ్ళు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూపించుకోవాలి. గుండెకు నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు పోటును రేపుతాయి. గుండె డాక్టరుకు మీ క్లస్టర్ సంగతి తెలియాలి.

ఆలస్యం చేయకూడనివి

ఒక్క క్షణంలో పిడుగు పడ్డట్టు జీవితంలో ఎన్నడూ లేనంత తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చెయ్యీ కాలూ పడిపోవడం, మెడకు దెబ్బ తగిలాక ఒక వైపు రెప్ప వాలి నొప్పి రావడం, యాభై దాటాక మొదటిసారిగా కొత్త తలనొప్పి మొదలవడం, పోటు పోటుకీ మధ్య నొప్పి అసలు పోకపోవడం. వీటిలో ఏది కనిపించినా క్యాలెండరు రాసుకుంటూ కూర్చోకండి, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

ఇంకొకటి చెప్పాలి. నాలుగో ఏడు ఒక రాత్రి ఆయన, "నన్ను డాబా మీదికి ఒంటరిగా పంపకు" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఈ నొప్పిలో అలాంటి ఆలోచనలు రావడం అరుదు కాదని తర్వాత డాక్టరే చెప్పారు. అది పిరికితనం కాదు, జబ్బులో భాగం. మీ ఇంట్లో ఆ మాట వినిపిస్తే కొట్టిపారేయకండి. నేరుగా అడగండి, పక్కనే ఉండండి, డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే మనిషిని వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు మా ఇంట్లో విజయదశమి వెళ్ళగానే మూడు పనులు జరుగుతాయి. సిలిండరు నింపించి, మాస్క్ సంచి చిరిగిందేమో చూసి గోడకు కట్టేస్తాం. ఇంజెక్షన్లకు మెడికల్ షాపులో చెప్పేస్తాం. డాక్టరుకు ఫోన్ చేసి ఈసీజీకి తేదీ తీసుకుంటాం. పోయిన కార్తీకంలో పదకొండు పోటులు వచ్చాయి. తొమ్మిది ఆక్సిజన్‌తో పావుగంటలోపు తగ్గాయి. అవన్నీ సమయాలతో సహా పాల లెక్క పక్కనే రాసి ఉన్నాయి.